సిలిండర్ కోయంబత్తూరు నుంచా, ఆటోనగర్ నుంచా?

చిన్న పరిశ్రమల వారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) ఇటుకల ప్రెస్సులు తయారు చేస్తున్నాం. నెలకు ఒక యంత్రం, సీజన్లో రెండు. ఇటుకను నొక్కే హైడ్రాలిక్ సిలిండర్, మిశ్రమం కలిపే పాన్ మిక్సర్ గేర్‌బాక్స్ కోయంబత్తూరు నుంచి, మోల్డులు రాజ్‌కోట్ నుంచి తెప్పిస్తాం. సిలిండర్ ధర 40,000, దాని మీద జీఎస్టీ 7,200, ప్యాకింగు, లారీ కలిపి 2,500. మొత్తం 49,700 పడుతోంది. అదే సిలిండర్ ఇక్కడ ఒకాయన బిల్లు లేకుండా 41,000కి చేసిస్తానంటున్నాడు. గుజరాత్ నుంచి వచ్చే యంత్రాల ధరకు మేం దిగలేకపోతున్నాం. అన్నీ లోకల్‌గానే చేయించేద్దామా? ఇంకో మాట, స్టీల్ ప్లాంటు పక్కనే ఉండి కూడా మాకు ప్లేటు చవగ్గా దొరకడం లేదెందుకు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ 41,000 సంగతి తేల్చేద్దాం. మీరు మిగులుతుందనుకుంటున్నది 8,700. కానీ కోయంబత్తూరు బిల్లులో కట్టిన 7,200 మీ డబ్బే. మీరు యంత్రం అమ్మినప్పుడు కట్టాల్సిన జీఎస్టీలోంచి అది మినహాయింపుగా వెనక్కి వస్తుంది. అంటే ఆ సిలిండర్ మీకు నిజంగా పడుతున్నది 42,500. ఇక్కడి ఆయన అడిగిన 41,000కి బిల్లు లేదు కాబట్టి అందులో పైసా వెనక్కి రాదు. తేడా 1,500 మాత్రమే. ఆ 1,500 కోసం మీ చేతిలో కాగితం ముక్క లేకుండా, రేపు సిలిండర్ కారితే అడిగే హక్కు లేకుండా యంత్రం పంపుతారా? టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్న షాపుతోనూ ఇదే చిక్కు. బిల్లు ఇస్తారు గానీ అందులో మీకు క్రెడిట్ రాదు. ధరలు పోల్చేటప్పుడు ఎప్పుడూ క్రెడిట్ తీసేసిన అంకెను, మీ షెడ్డు గుమ్మం దాకా వచ్చేసరికి ఎంతైందో ఆ అంకెను పక్కపక్కన పెట్టండి.

అయితే ఈ లెక్క చూసి కోయంబత్తూరే మేలని నేను చెప్పడం లేదు. మీ ఉత్తరంలో రాయని ఖర్చు ఒకటుంది. అంత దూరం నుంచి తెప్పించేవాళ్లు ఒక్కటొక్కటి తెప్పించరు. నేనూ తెప్పించలేదు. నాలుగు సిలిండర్లు ఒకేసారి తెచ్చి గోడ పక్కన పెట్టుకుంటాం. నాలుగంటే 1,60,000. ఏడాదికి 12 శాతం వడ్డీ మీద అది నెలకు 1,600. మీరు నెలకు ఒక యంత్రం చేస్తున్నారు కాబట్టి చివరి సిలిండర్ వంతు వచ్చేసరికి మూడు నెలలు గడిచిపోతాయి. ఈలోగా కస్టమరు ఆరు ఇటుకల మోల్డు వద్దు, ఎనిమిది ఇటుకలది కావాలంటే ఆ సిలిండర్లు అలాగే పడి ఉంటాయి. దగ్గర్లో చేయించుకుంటే ఒక్కటే చేయించుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం చేసి నడుచుకుంటూ వెళ్లి లేతు పక్కన నిలబడొచ్చు. కొలత తప్పుతుంటే ముక్క ఇంకా లేతు మీద బిగించి ఉండగానే ఆపొచ్చు. దగ్గర్లో చేయించడంలో అసలు లాభం ఇదే. దగ్గరగా ఉన్నంత మాత్రాన ఏదీ చవక కాదు. మీరు వెళ్లి నిలబడతారు కాబట్టి చవకవుతుంది. ఆర్డరు ఫోన్లో చెప్పేసి వారం తర్వాత ఆటో పంపేవాళ్లకి పక్క వీధి కూడా కోయంబత్తూరంత దూరమే.

మీ ఉత్తరంలో అంకెలన్నీ ఉన్నాయి, డ్రాయింగు అన్న మాట ఒక్క చోటా లేదు. అది చదివి నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నేను ఆటోనగర్‌లో పాన్ మిక్సర్లు చేసే రోజుల్లో గేర్‌బాక్సులోని వర్మ్ వీలు, అంటే మర లాంటి షాఫ్టు తిప్పే పళ్ల చక్రం, బయటి నుంచి తెప్పించడం మానేసి ఇక్కడే ఒక షాపులో చేయించాను. పాత వీలు చేతిలో పెట్టి ‘అచ్చం ఇలాగే చేసెయ్యండి’ అన్నాను. అచ్చం అలాగే చేశారు. అదే పసుపు రంగు, అవే పళ్లు, 3,500 తక్కువ. మిక్సరు విజయనగరం వైపు ఒక ఇటుకల యూనిట్‌కి వెళ్లింది. నాలుగు నెలలకు ఫోను. ‘గురూగారూ, మోటారు తిరుగుతోంది, పాన్ తిరగట్లేదు.’ వెళ్లి మూత తీస్తే వీలు పళ్లు కత్తి అంచుల్లా అరిగిపోయి, అడుగున నూనె నిండా పసుపు పొడి. అరుగుదల తట్టుకునే ఫాస్ఫర్ బ్రాంజ్ (ఒక రకం కంచు) ఉండాల్సిన చోట ఇత్తడి పడింది. చేసినాయన మోసం చేశాడని నేను ఈ రోజుకీ అనను. నేను మెటీరియల్ పేరు చెప్పలేదు, రాసివ్వలేదు. ఆయన తన దగ్గరున్న దిమ్మ వాడాడు. సీజను మధ్యలో తొమ్మిది రోజులు ఆ యూనిట్ ఆగిపోయింది. కూలీలు ఊళ్లకి వెళ్లిపోయారు. కొత్త గేర్‌బాక్స్ నా ఖర్చుతో ఇచ్చాను. ఆ యజమాని ఒక్క కఠినమైన మాట అనలేదు గానీ, ఆ తర్వాత మళ్లీ నా దగ్గర యంత్రం కొనలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి నా షెడ్డులోంచి ఏ ముక్క బయటికెళ్లినా దాంతోపాటు ఒక కాగితం వెళ్లేది. బొమ్మ, కొలతలు, ఏ లోహం, ఎంత గట్టిదనం, ఎక్కడ నున్నగా ఉండాలి, అన్నీ దాని మీదే. ముఖ్యమైన వాటికి లోహం టెస్టు రిపోర్టు కూడా అడిగేవాణ్ణి. అలాగని కాగితం మీద ప్రతి కొలతకీ ‘ప్లస్ ఆర్ మైనస్ 0.01’, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కంటే అటూ ఇటూ పోకూడదని కొట్టేయకండి. కుర్రాళ్లు కంప్యూటర్లో గీసిన డ్రాయింగుల్లో ఇది బాగా కనిపిస్తోంది. నూనె ట్యాంకు మూత రంధ్రానికి మైక్రోమీటరు కొలత ఎందుకు? అది చూసిన టర్నరు భయపడి రేటు రెట్టింపు చెబుతాడు. ఆయన తప్పేం లేదు. మీ డ్రాయింగే ఆ రేటు అడిగించింది. బేరింగు కూర్చునే చోట, సీలు జారే చోట, గైడు పిల్లరు బుష్‌లో గట్టిగా పట్టుకోండి. మిగతా చోట్ల వదిలేయండి. రూపాయి ఖర్చు లేకుండా ధర తగ్గే చోటు ఇదే, మొదలుపెట్టాల్సిందీ ఇక్కడే.

ఇప్పుడు సిలిండర్. మీది 125 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 160 బార్ ఒత్తిడి అనుకుంటే దాదాపు 20 టన్నుల తోపు. దీన్ని మొత్తంగా ఇక్కడే పుట్టించాలనుకోకండి, మొత్తంగా బయటి నుంచి కొననూ వద్దు. రెండు ముక్కలు మాత్రం తయారైనవే కొనండి. ఒకటి హోనింగు చేసిన, అంటే లోపల రాతితో రుద్ది నున్నగా తీసిన ట్యూబు, రెండోది క్రోమ్ పూత పూసిన రాడ్డు. 125 బోరుకి ట్యూబు మీద చెప్పే హెచ్8 అనే కొలత గ్రేడు అంటే అసలు కొలత కంటే 0.063 మిల్లీమీటర్ల దాకా పెరగొచ్చు, ఒక్క మైక్రాన్ కూడా తగ్గకూడదు. మామూలు లేతు మీద మీటరు పొడుగు ట్యూబుని లోపల ఆ కొలతలో, ఆ నునుపుతో తీయడం ఎంత మంచి టర్నరుకైనా కష్టం. లోపల గీత మిగిలితే సీలు దాని మీద రుద్దుకుని నెలల్లో పోతుంది. రాడ్డు సంగతీ అంతే, క్రోమ్ లేచిన చోట దుమ్ము పట్టి, రాడ్డు బయటికొచ్చే చోట ఉండే గ్లాండ్ సీలుని కోసేస్తుంది. మీ యంత్రం చుట్టూ ఉండేది ఫ్లైయాష్ మరి.

ఆ రెండూ మీ పేరున బిల్లుతో కొని ఇక్కడి షాపుకి డెలివరీ చలాన్ మీద పంపండి. ట్యూబు కోయడం, పిస్టన్, గ్లాండ్, ఎండ్ క్యాప్, పోర్టు బాసులు, బిగింపు, ఇవన్నీ ఆటోనగర్‌లో బ్రహ్మాండంగా జరిగే పనులు. జాబ్ వర్కుకి, అంటే కూలికి పని చేయించడానికి పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలన్నది జీఎస్టీ చట్టంలో షరతు. మీరిచ్చే మోల్డులు, డైలు, జిగ్గులు, ఫిక్చర్లకు ఆ గడువు కూడా లేదు, అవి ఆ షాపులోనే ఉండొచ్చు. ఎండ్ క్యాప్ వెల్డింగు మాత్రం చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. మన ఊరికి ఈ విషయంలో లోటు లేదు. షిప్‌యార్డు, 1966లో మొదలైన ప్రభుత్వ ప్రెషర్ వెసెల్ కర్మాగారం బీహెచ్‌పీవీ, ఈ రెండు చోట్లా ఒత్తిడి తట్టుకునే వెల్డింగు చేసి, పరీక్షలు పాసైన చేతులు ఈ ఊళ్లో ఎన్నో. రిటైరై ఇంట్లో ఉన్న ఒక పెద్దాయన్ని వెతికి పట్టుకుని మీ కుర్రాళ్లకి రెండు వారాలు నేర్పించండి. ఆయనకిచ్చే గౌరవ వేతనం మీ సిలిండర్ల మీద మొదటి నెలలోనే తిరిగొస్తుంది.

సీల్ కిట్టు పేరున్న కంపెనీది, అధీకృత డీలరు దగ్గరే కొనండి. బిగించాక పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు, అంటే 240 బార్ దగ్గర గాలి పూర్తిగా తీసేసి, నూనెతో పట్టి చూడండి. ఆ సమయంలో దాని ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి. ఈ పద్ధతిలో చేయించినప్పుడు నాకు రెడీ సిలిండర్ ధరలో ఐదో వంతు దాకా మిగిలేది. మొదటి రెండు సిలిండర్లకి మాత్రం ఏమీ మిగల్లేదు. నేర్చుకోవడానికే సరిపోయింది. ఆ ఓపిక లేకపోతే కోయంబత్తూరుతోనే ఉండండి, అందులో తప్పు లేదు.

పంపు, డైరెక్షన్ కంట్రోల్ వాల్వు, రిలీఫ్ వాల్వు, బేరింగులు, ఇవి చేయించే వస్తువులు కావు, కొనే వస్తువులు. చాలామంది చేయించడాన్నీ, కొనడాన్నీ ‘లోకల్’ అని ఒకే మాటలో కలిపేస్తారు. బేరింగు విశాఖ డీలరు దగ్గర కొంటే ధరలో పెద్ద తేడా రాదు, కానీ సాయంత్రం అడిగితే పొద్దున చేతికొస్తుంది. మీరు పది బేరింగులు నిల్వ పెట్టుకోనక్కర్లేదు. డబ్బా చూసి మోసపోకుండా అధీకృత డీలరు బిల్లు తీసుకోండి. గేర్‌బాక్స్ కూడా నా సలహా ప్రకారం కొనే వస్తువే. నా వర్మ్ వీలు కథ మీరు విన్నారు కదా.

ఇక మోల్డు. ఇది మాత్రం మీరు తప్పకుండా ఇక్కడికి తెచ్చుకోవాల్సిన పని. పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే ఫాల్‌-జి పద్ధతి మన విశాఖలోని ఇన్‌స్వారెబ్ సంస్థ నుంచే బయటికొచ్చింది. అందుకే మీ కస్టమర్లు చాలామంది ఈ చుట్టుపక్కలే ఉండి ఉంటారు. ఆ మిశ్రమం గరుకుగా ఉంటుంది, మోల్డు లోపలి లైనర్ ప్లేట్లని రోజూ కొంచెం కొంచెం తినేస్తుంది. 230 మిల్లీమీటర్ల ఇటుక 232 అయిందంటే మేస్త్రీ గోడ దగ్గర తిడతాడు, మీ కస్టమరు సరుకు వెనక్కొస్తుంది. అంటే మోల్డు ఒకసారి అమ్మి మరిచిపోయే వస్తువు కాదు. రాజ్‌కోట్ నుంచి మోల్డు వచ్చేదాకా ఆ యూనిట్ ఆగాలి. మీ దగ్గర ఒక సెట్టు లైనర్లు సిద్ధంగా ఉంటే సాయంత్రానికి మార్చేసి వస్తారు. గుజరాత్ యంత్రంతో ధరలో పోటీ పడలేకపోతున్నామన్నారు. మీరు గెలవగలిగేది ఇక్కడే.

మోల్డుని ఒకే దిమ్మలా కాకుండా, మామూలు ఉక్కు ఫ్రేములో బోల్టులతో బిగించే లైనర్లుగా డిజైన్ మార్చండి. అప్పుడు కార్బన్, క్రోమియం ఎక్కువున్న ఖరీదైన హెచ్‌సీహెచ్‌సీఆర్ స్టీలు అరిగే చోట మాత్రమే పడుతుంది. హీట్ ట్రీట్‌మెంట్‌లో ప్లేటు వంకర పోతుంది కాబట్టి ఒక్కో వైపు 0.3 మిల్లీమీటర్లు గ్రైండింగుకి వదిలి పంపండి. తిరిగొచ్చాక రాక్‌వెల్ స్కేలు మీద గట్టిదనం 58 నుంచి 60 హెచ్‌ఆర్‌సీ మధ్య ఉందో లేదో రిపోర్టు చూసి, అప్పుడు డబ్బివ్వండి.

స్టీల్ ప్లాంటు పక్కనే ఉన్నా ప్లేటు చవక ఎందుకు కాలేదని అడిగారు. ఎందుకంటే మన ప్లాంటులో ప్లేటు తయారు కాదు. రాడ్లు, వైరు రాడ్లు, రౌండ్లు, యాంగిళ్లు, ‘సి’ ఆకారపు ఛానళ్లు, ఇలాంటి పొడుగు సరుకే అక్కడిది. ప్లేటు మిల్లులున్నది భిలాయ్, రూర్కెలా లాంటి చోట్ల. కాబట్టి మీ ఫ్రేములో ప్లేటు పని తగ్గించి ఛానల్ పని పెంచగలరేమో చూడండి. రెండు ఛానళ్లని ఎదురెదురుగా పెట్టి వెల్డు చేస్తే కాలమ్ అయిపోయే చోట, ప్లేటు కోసి డబ్బా కట్టనక్కర్లేదు. ప్లేటు బరువు లెక్క మీకు తెలిసిందే, ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి 7.85 కిలోలు. 16 మిల్లీమీటర్ల ప్లేటు అక్కర్లేని చోట 12కి దిగితే చదరపు మీటరుకి 31.4 కిలోలు మిగులుతుంది. సైడు కవర్లకీ, హాపర్‌కీ దిగండి. ప్రెస్సు టై రాడ్ల జోలికి, పై బీమ్ జోలికి మాత్రం లెక్క కట్టకుండా వెళ్లొద్దు, 20 టన్నులు మోసేవి అవే. ప్రొఫైల్ కటింగు షాపులో తునకలు వదిలేసి రాకండి. అవి మీరు కొన్న ఉక్కు. లగ్గులు, చిన్న ఫ్లాంజిలు వాటిలోంచే వస్తాయి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఈ యంత్రానికి మోల్డు లైనర్లు, రెండు మూడు యంత్రాల తర్వాత సిలిండర్. మారిన ముక్క మీద ఒక నంబరు పంచ్ కొట్టి, అది ఏ కస్టమరు దగ్గరికెళ్లిందో పుస్తకంలో రాసుకోండి. తేడా వస్తే ఏ షాపు, ఏ బ్యాచి అన్నది అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: పాన్ మిక్సర్ రోలర్ల కాస్టింగు కిలో 112కి ఇచ్చే ఫౌండ్రీని వదిలి, 106కి ఇచ్చే చోటికి మారాం. అయినా మా ఖర్చు పెరిగింది. ఎలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండు చోట్ల నుంచి వచ్చిన పచ్చి రోలర్లని తూకం వేసి చూడండి. పాతది 62 కిలోలుంటే 6,944 రూపాయలు. కొత్తది 70 కిలోలుంటే 7,420. ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు తీసే నమూనా) మందంగా ఉండి, మెషీనింగుకి ఎక్కువ లోహం వదిలితే ఇలాగే అవుతుంది. ఆ ఎనిమిది కిలోలు మీరు కొని, మళ్లీ లేతు మీద కూలి ఇచ్చి పొట్టుగా తీసేస్తున్నారు. కాస్టింగు ఎప్పుడూ కిలో రేటున కాదు, పీసు రేటున, గరిష్ఠ బరువు రాసుకుని కొనండి. ప్యాటర్న్ మీ సొంతం చేసుకోండి, చెక్క సరిపోతుంది. మెషీనింగ్‌లో గాలి రంధ్రం బయటపడితే కాస్టింగుతోపాటు లేతు కూలి కూడా ఫౌండ్రీయే భరించాలని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: పెందుర్తిలో అన్నయ్యా నేనూ రెండు లేతులు, ఒక మిల్లింగ్ మెషీన్ నడుపుతున్నాం. షాఫ్టులు, బుష్‌లు చేస్తాం. మా పెద్ద కస్టమరు ‘మేం ఇక బయట కొనకుండా లోకల్‌గా మీ దగ్గరే తీసుకుంటున్నాం కదా, 12 శాతం తగ్గించండి’ అంటున్నారు. డబ్బు మాత్రం నాలుగు నెలలకు గానీ ఇవ్వరు. వదులుకుంటే పని పోతుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు కోపమే వచ్చింది. లోకల్‌గా కొంటున్నామన్న పేరుతో తమ వడ్డీ భారాన్ని చిన్న షాపు నెత్తిన పెట్టడం ఖర్చు తగ్గించడం కాదు. అలా నలిగిన షాపు ఒక రోజు మూతపడుతుంది. అప్పుడు ఆ కస్టమరు మళ్లీ దూరం నుంచే తెప్పించుకోవాలి.

చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు లేకపోతే ముందు చేయించండి. ఆన్‌లైన్లో ఉచితం, మధ్యవర్తికి డబ్బివ్వొద్దు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. ఇది మీకు తెలిసే ఉండొచ్చు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నిబంధన వచ్చింది. గడువులోపు మీకు డబ్బివ్వకపోతే ఆ కస్టమరు ఆ మొత్తాన్ని అప్పటికి ఖర్చుగా చూపించుకోలేరు, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే చూపించుకోవాలి. మీ ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి. వాళ్ల ఆడిటరే వాళ్లకి గుర్తు చేస్తారు, మీరు గొడవ పడనక్కర్లేదు. ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది గానీ, అది ఆ కస్టమరుతో పని మానేద్దామనుకున్నాక వాడే దారి.

వాళ్లతో మాట్లాడేటప్పుడు లెక్క కాగితం మీద పెట్టండి. 12 శాతం వడ్డీ మీద నాలుగు నెలల అరువు అంటే మీకు 4 శాతం ఖర్చు. ‘15 రోజుల్లో డబ్బిస్తే 4 శాతం తగ్గిస్తాం, షాఫ్టు రాడ్డు మీరే చలాన్ మీద పంపితే మెటీరియల్ సొమ్ము అసలు అడగం, మా కూలి మాత్రం ఇవ్వండి’ అని చెప్పండి. రాడ్డు వాళ్లదైతే మీ పెట్టుబడి ఇరుక్కోదు. వాళ్లు టన్నుల్లో కొంటారు కాబట్టి వాళ్లకీ చవకే. ఆరు నెలల ఆర్డర్లు ముందుగా చెప్పగలిగితే ఒకే కొలత బుష్‌లు ఒకేసారి సెట్టింగు చేసి తీయొచ్చు. సెట్టింగుకి పోయే గంటలు మిగుల్తాయి కాబట్టి అందులో సగం వాళ్లకివ్వండి. ఇవన్నీ కలిపినా 12 దాకా వెళ్లకపోవచ్చు. ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడ ఆగండి. మీ మిల్లింగ్ మెషీన్ గంటకి ఎంత పడుతోందో, కరెంటు, కట్టర్లు, అన్నయ్య జీతం, మీ జీతం అన్నీ వేసి ఈ వారంలోనే రాసుకోండి. చాలా ఇళ్లలో నడిచే షాపుల్లో ఆడవాళ్ల పనికి జీతం వేయరు. మీరు వేయండి. ఆ అంకె చేతిలో పెట్టుకునే వాళ్ల ఆఫీసుకి వెళ్లండి.